ఖాళీ గదికి తాళం

తెతువాన్,
14 జనవరి 2019

నా కాలేయపు ముక్క వియామ్‌కు, మేనత్త జుహోర్ సలాములు.

ఇక్కడ తూర్పు గాలి నాలుగు రోజులుగా వదలడం లేదు. మేడ మీద ఆరేసిన బట్టలు సగం పక్కింటివాళ్ళ పాలయ్యాయి. నా మోకాలి సంగతి అడగకు. అడక్కపోయినా చెబుతాను. వారానికి రెండుసార్లు బతూల్ దగ్గరికి వెళ్ళి నొక్కించుకుంటున్నాను. మన వీధి లల్లా షమా కూతురే, ఫిజియోథెరపీ చదివొచ్చి బాబ్ ఉక్లా గేటు దగ్గర క్లినిక్ పెట్టుకుంది. వాళ్ళ అమ్మమ్మను పెళ్ళికి ముస్తాబు చేసింది మా అమ్మ. వాళ్ళ అమ్మను నేను. ఐదేళ్ళ కిందట బతూల్‌నూ నేనే.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకని విసుక్కోకు. మన ఇంట్లో పొద్దస్తమానం ఎవరో ఒక పెళ్ళికూతురి తల్లి కూర్చుని ఉంటుంది, ఒక కన్ను టీ గ్లాసు మీద, రెండు చెవులూ నా నోటి మీద. జియానా పని అంటే పెళ్ళికూతురికి నగలు పెట్టడమే కాదు, ఆమె సంగతులు కడుపులో పెట్టుకోవడం కూడా. అందుకని కాగితం. నువ్వూ కాగితం మీదే రాసి బస్సు పార్సెల్‌లో పంపు.

సంగతి ఇది. నువ్వు కాలేజీలో ఉండగా నాకు కట్టిచ్చిన వెబ్‌సైట్ ఉంది కదా. ఒక్కో పెళ్ళికూతురికి ఒక్కో పేజీ, ఫొటో, కింద ఆమె పేరు, వరుడి పేరు. పేర్లు వెయ్యాల్సిందేనని పట్టుబట్టింది నేనే, ఏయే ఇళ్ళవాళ్ళు నన్ను పిలిచారో ఊరికి తెలియాలని. బతూల్ కాపురం ఏడు నెలలే సాగింది. మొన్న నన్ను బల్ల మీద పడుకోబెట్టి, మోకాలు నొక్కుతూ అంది:

“లల్లా, నా పేరు కొడితే ముందు ఏమొస్తుందో తెలుసా మీకు? క్లినిక్ కాదు. కిరీటం పెట్టుకుని నేను. కింద ఆయన పేరు. నడుం నొప్పని వచ్చినవాళ్ళు కూడా మా ఆయనకి సలాం చెప్పమని పోతున్నారు.”

ఇప్పుడు ఆ పిల్లకు మంచి సంబంధం కుదిరింది. మార్తిల్‌లో భూగోళం చెప్పే మాస్టారు, నౌఫల్ అని. అతనికి అంతా తెలుసు, ఏ అభ్యంతరమూ లేదు. తేదీ చెప్పనిది ఈ పిల్లే. “ఆ బొమ్మ పోయిన రోజు చెప్తా” అని కూర్చుంది. నేను పెట్టించిన బొమ్మ వల్ల ఒక పిల్ల పెళ్ళి ఆగింది, వియామ్. నాకు అన్నం సయించడం లేదు.

దాన్ని తీసెయ్యి. ఎలాగూ చెయ్యి పెడతావు గనక సైట్ మొత్తం కొత్తగా కట్టు. ఆ ఆకుపచ్చ రంగు హమ్మాం స్నానశాల గోడలా ఉందని అందరూ అంటున్నారు.

పార్సెల్‌లో బాదం ఘ్రీబా బిస్కెట్లు పెట్టాను. ఆఫీసులో పంచిపెట్టకు, నువ్వు తిను.

నీ అమ్మానాన్నలను దేవుడు చల్లగా చూడుగాక.
జుహోర్


అగాదిర్,
21 జనవరి

లల్లా అత్తకు, చేతులు ముద్దు పెట్టుకుంటూ వియామ్.

ఘ్రీబాలు సగం పొడి అయ్యాయి, బస్సువాడు వాటి మీద కూర్చున్నట్టున్నాడు. పొడిని టీలో కలుపుకుని తిన్నాను. పంచలేదు.

పేరు కొడితే ఆ ఫొటో రావడం నేనూ చూశాను. ఇంతకాలం నాకు తట్టనందుకు సిగ్గేసింది. నువ్వు బెంగ పెట్టుకోకు. కొత్త సైట్ మొదలుపెట్టేశాను. పెళ్ళికూతుళ్ళ పేజీలన్నీ తీసేస్తాను, బతూల్‌ది ఒక్కటే కాదు. ఇకనుంచి బట్టలూ, నగలూ, పల్లకీ మాత్రమే ఉంటాయి, ముఖాలుండవు. పాత పేజీలున్న గదికి తాళం కూడా వేస్తాను. ఇక ఎవరూ అందులోకి తొంగిచూడలేరు.

కొత్తది కట్టేదాకా ఎవరికీ కనిపించకుండా పరదా వేసి ఉంచుతాను. సగం కట్టిన ఇంటిని చుట్టాలకు చూపించకూడదని నువ్వే అంటావుగా. ఫిబ్రవరి పదిహేనుకు పరదా తీస్తాను. రంగు తెలుపు, బంగారు అంచు. హమ్మాంకి సంబంధం లేదు.

ఇక్కడ పొద్దున్నే పొగమంచు, పదకొండింటికి గానీ సముద్రం ఎటు ఉందో తెలియదు. మేడ కింద సార్డీన్లు కాల్చే దుకాణం కొత్తగా పెట్టారు. నా కోట్లన్నీ చేపల వాసనే. నాకు వచ్చే సంబంధాలు ఆగడానికి అదే కారణమని అమ్మకు చెప్పు.

బతూల్‌తో పదిహేనో తారీకుకు పోతుందని చెప్పు.

నీ వియామ్


తెతువాన్,
18 ఫిబ్రవరి

వియామ్‌కు.

సలాం. నువ్వు చెప్పిన తారీకు కోసం వేళ్ళు లెక్కపెట్టుకుని కూర్చున్నాను. పదహారో తేదీ పొద్దున్నే కుంటుకుంటూ వెళ్ళి, బల్ల ఎక్కకముందే చెప్పాను, “పోయిందమ్మా, నిశ్చింతగా ఉండు” అని. ఆ పిల్ల ముఖం ఎంత విప్పారిందో! జేబులోంచి ఫోన్ తీసి, నా ఎదురుగానే తన పేరు కొట్టింది.

కిరీటం, ముత్యాలు, నడుముకు జరీ పటకా. కింద ఆ మనిషి పేరు. అంతా ఉన్నది ఉన్నట్టే ఉంది.

బతూల్ ఫోన్ జేబులో పెట్టుకుని మోకాలు నొక్కింది. ఎప్పటికంటే రెండింతలు నొక్కింది. అల్లాను, ప్రవక్తను, ఊళ్ళోని వలీలందరినీ పేరుపేరునా పిలిచాను. చివర్న తువ్వాలు మడుస్తూ, “మీకు ఆ ఫొటో అంటే ఇష్టమని నాకు తెలుసు లల్లా. మీ పనితనం అంత బాగా ఇంకెక్కడా కనపడదు. కానీ పోయిందని చెప్పకుండా ఉండాల్సింది” అంది.

వింటున్నావా? నా గొప్ప కోసం నేనే ఉంచుకున్నాననుకుంటోంది! నలభై రెండేళ్ళుగా ఈ ఊరి ఆడపిల్లలు నా ముందు కొంగు తీసి నిలబడ్డారు, ఒక్కదాని గుట్టు నా పెదవి దాటలేదు. ఇవాళ నీ ధర్మమా అని అబద్ధాలకోరునయ్యాను. తీసేశానని రాశావు, ఏం తీశావు? ఇల్లు అలకగానే పండగ అయిపోతుందా?

మన వీధి సంగతి నీకు తెలుసు. ఆ పిల్ల విడాకులై వచ్చినప్పుడు షమా ఒక్క మనిషికి చెప్పలేదు. “అల్లుడికి టాంజియర్‌లో ఉద్యోగం, అమ్మాయి వస్తూ పోతూ ఉంటుంది” అంది. నాలుగేళ్ళయింది, ఆ ఉద్యోగం ఇంకా నడుస్తూనే ఉంది. అందరికీ అనుమానమే. అడిగేవాళ్ళు అడుగుతూనే ఉంటారు, షమా చెప్పేది చెబుతూనే ఉంటుంది. దాని మీద నీ బొమ్మ సాక్ష్యం.

కోపంలో రాస్తున్నాను. నిన్న బీసార్ పప్పుచారులో ఉప్పు రెండుసార్లు వేశాను, అంత కోపం.

జుహోర్


అగాదిర్,
23 ఫిబ్రవరి

అత్తా,

నీ ఉత్తరం చదివి ఆఫీసులో అందరి ముందూ ఏడుపొచ్చింది. నేను నీతో అబద్ధం ఎందుకు చెబుతాను? ఆ పేజీ లేదు. చిరునామా ముక్కముక్కా నేనే కొట్టి చూశాను, ఖాళీ. నువ్వు కూడా ఆ ఫొటో మీద నొక్కి చూడు, ఏదీ తెరుచుకోదు.

నాకు తోచింది చెబుతాను. ఫోన్లకు జ్ఞాపకం ఉంటుంది. ఒకసారి చూసిన బొమ్మను దాచుకుని, రెండోసారి అడిగితే బయటికి వెళ్ళి తెచ్చే బదులు దాచిందే చూపిస్తాయి. బతూల్ తన ఫొటోను ఎన్నిసార్లు చూసుకుని ఉంటుందో పాపం! ఆ జ్ఞాపకం చెరిపెయ్యమని చెప్పు. నీ ఫోన్‌లో కూడా చెరిపెయ్యి. అంతే, కనపడదు.

ఇంకో మాట. నాకు ఇక్కడ పగలు ఆఫీసు పని, సాయంత్రం నీ పని. అలకలకూ ఆరోపణలకూ జవాబులు రాసే ఓపిక ఉండటం లేదు. కొత్త సైట్ ఎలా ఉందో ఒక్క మాటైనా రాయలేదు నువ్వు.

వియామ్


తెతువాన్,
4 మార్చి

వియామ్ గారికి,

కొత్త సైట్ ఎలా ఉందో రాయలేదని అలిగావు. ఎలా రాయను, అది నాకు కనిపిస్తేగా?

వరసగా చెబుతాను, కూర్చుని విను. ఫోన్ జ్ఞాపకం చెరిపెయ్యమన్నావు. చెరిపేశాను. సెట్టింగుల్లోకి వెళ్ళి “అంతా చెరపనా?” అని అడిగితే “చెరుపు” అన్నాను. మరోసారి అడిగింది, పాపం దానికే జాలేసినట్టుంది. మళ్ళీ చెరపమన్నాను. పల్లకీ మోసేవాళ్ళ నంబర్లు, పాటగత్తెల నంబర్లు, హజ్ నుంచి మా అన్న పంపిన గొంతు, అన్నీ పోయాయి. ఒక్క బతూల్ బొమ్మ తప్ప! అది మాత్రం కడిగిన ముత్యంలా వచ్చి కూర్చుంది.

రెండో సంగతి. పోయిన వారం లారాష్ నుంచి ఒక తల్లీ కూతురూ వచ్చారు. వచ్చింది నా దగ్గరికి కాదు, మార్తిల్‌లో ప్లాస్టిక్ పూల సింహాసనం పెట్టుకున్న ఆ ఇంకో జియానా దగ్గరికి. బజారులో ఎదురుపడి చెప్పారు: “లల్లా జుహోర్, మీ పేరు ఎంత వెతికినా రాలేదు. మానేశారేమో అనుకున్నాం!” నా పేరు, మన ఇంటి పేరు, ఊరి పేరు అన్నీ కలిపి కొట్టి చూశాను. నేను లేను. బతూల్‌ను దాచమంటే నన్ను దాచావు తల్లీ. ఉండకూడనిది ఉంది, ఉండాల్సింది లేదు. ఇంత కచ్చితంగా తలకిందులు చెయ్యాలంటే చదువుండాలి, నావల్ల అయ్యేది కాదు.

అయినా నా పేరు పోతే పోనీ. నాకు అరవై ఆరేళ్ళు. నేను ఎక్కడుంటానో ఈ ఊళ్ళో రాళ్ళకు కూడా తెలుసు. బతూల్ సంగతి చూడు. ఆ మాస్టారు మొన్న ఆ బొమ్మ చూసి, “ఆ కిరీటంలో ఎంత బాగున్నావో” అన్నాడట. మంచి మనసుతోనే అన్నాడు. భూగోళం తెలిసినవాడికి అన్నీ తెలియాలని లేదుగా! ఈ పిల్ల రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. మూడో రోజు నాతో అంది: “నా మీద ఆయనకి అనుమానం లేదు లల్లా. నాకే, నేనింకా ఆ ఫొటోలోంచి బయటికి రాలేదేమో అనిపిస్తోంది.”

సైట్ మొత్తం ఆపెయ్. దీపం ఆర్పేస్తే ఇంట్లో ఏమున్నా కనపడదు. తరువాత సంగతి తరువాత.

జుహోర్


అగాదిర్,
11 మార్చి

అత్తా, నా లల్లా,

ముందు నన్ను క్షమించు. తప్పు ఫోన్లది కాదు, నీది కాదు, బతూల్‌ది అసలే కాదు. నాది. అది కూడా ఈ వృత్తిలో నిన్న మొన్న చేరినవాళ్ళు చేసే తప్పు. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. నీకు చెబుతున్నాను, ఎందుకంటే నీ కడుపులో పెడితే బయటికి రాదు.

సెర్చ్ అంటే ఏమిటో నీ భాషలో చెబుతాను. ప్రపంచంలో ఇళ్ళన్నీ తిరిగే మనిషి ఒకడున్నాడనుకో. ప్రతి ఇంట్లోకీ వెళ్ళి, ఏ గదిలో ఏముందో బొమ్మతో సహా తన పుస్తకంలో రాసుకుంటాడు. ఎవరైనా అడిగితే మన ఇంటికి వచ్చి చూసి చెప్పడు, పుస్తకం తిప్పి చెబుతాడు. మళ్ళీ వచ్చి చూస్తేనే పుస్తకంలో దిద్దుతాడు.

నేను బతూల్ గది ఖాళీ చేశాను. అంతవరకూ బాగానే ఉంది. దాని మీద తాళం వేసి, “లోపలికి రావద్దు” అని బోర్డు పెట్టాను. అతను మర్యాదస్తుడు. ప్రతిసారీ గుమ్మం దాకా వచ్చి, బోర్డు చదివి, వెనక్కి వెళ్ళిపోతున్నాడు. గది ఖాళీ అయిన సంగతి అతనికెలా తెలుస్తుంది? పుస్తకంలో పాత బొమ్మ అలాగే ఉంది. అడిగినవాళ్ళందరికీ అదే చూపిస్తున్నాడు. దాచాలని నేను వేసిన తాళమే దాన్ని కాపాడుతోంది, అత్తా.

ఇక నీ సంగతి. కొత్త సైట్ కట్టేటప్పుడు పరదా వేశానన్నాను కదా. ప్రతి పేజీ మీద “దీన్ని పుస్తకంలో రాసుకోకు” అని చీటీ అంటించాను. ఫిబ్రవరిలో పరదా తీశాను గానీ చీటీలు తియ్యడం మరిచిపోయాను. నీ కొత్త గదులన్నీ తిరిగాడు, చూశాడు, చీటీ చదివి రాసుకోకుండా పోయాడు. రెండు బోర్డులూ తారుమారు. నీ ఉత్తరంలో “తలకిందులు” అన్న మాట చదివాకే నాకు వెలిగింది.

సైట్ మొత్తం ఆపమన్నావు. అది మాత్రం వద్దు. ఇల్లంతా చీకటిగా ఉంటే, వీళ్ళెక్కడికో ఊరెళ్ళారు, మళ్ళీ వస్తారులే అనుకుని పాత పుస్తకమే నమ్ముకుంటాడు. పేజీని ఇంకో చోటికి మళ్ళిస్తే ఇల్లు మారిందనుకుంటాడు. చెయ్యాల్సింది ఒక్కటే. తాళం తీసి తలుపు బార్లా తెరవాలి. అతను వచ్చి “ఇక్కడ ఒక పెళ్ళికూతురు ఉండాలే?” అని అడిగితే, దాచకుండా, సాగదీయకుండా చెప్పాలి: “ఉండేది. పోయింది. ఇక రాదు.” అలా చెప్పడానికి మా దగ్గర ఒక పద్ధతి ఉంది. నిన్న అదే చేశాను. చీటీలన్నీ పీకేశాను. తొందరగా దిద్దమని విన్నపం కూడా పెట్టాను.

అతను ఎప్పుడొస్తాడో నా చేతిలో లేదు. మూడు రోజులు కావచ్చు, నెల కావచ్చు. ఈసారి తారీకు చెప్పను.

బతూల్‌కు ఈ ఉత్తరం చదివి వినిపించు. తప్పెవరిదో ఆమెకు తెలియాలి.

తల వంచుకుని,
వియామ్


తెతువాన్,
20 మార్చి

వియామ్‌కు,

రెండే ముక్కలు. ఇంట్లో మనుషులున్నారు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది, ఖాళీ గదికి తాళం వేసిన మేధావి మా వంశంలో పుట్టిందని. రెండోసారి జాలేసింది. మూడోసారి బతూల్‌కు చదివి వినిపించాను, బల్ల మీద పడుకునే, అద్దాలు ముక్కు మీదికి జారుతుంటే.

“దాచాలని వేసిన తాళమే” అన్న చోట ఆ పిల్ల చేతులు నా మోకాలి మీద ఆగిపోయాయి. ఇంకా చదవమంది. “ఉండేది. పోయింది. ఇక రాదు” అన్న దగ్గర మళ్ళీ చదవమంది. చదివాను. కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడి, “ఇవాళ్టికి చాలు లల్లా” అని సగం మోకాలుతో నన్ను పంపేసింది. శనివారం రమ్మని కూడా అనలేదు.

ఏం రాశావో ఏం పొడుచుకుందో నాకు తెలియదు. తప్పు ఒప్పుకున్న ఉత్తరానికి కూడా కోపం వస్తుందా? నీ బొమ్మ ఇంకా అలాగే ఉంది, పొద్దున చూశాను. నా పేరు మాత్రం వచ్చింది, మూడో వరసలో. ఆ ప్లాస్టిక్ పూలది రెండో వరసలో.

ఈసారి బతూల్‌తో మన పొత్తు పూర్తిగా చెడింది. మొదటికే మోసం వచ్చింది.

జుహోర్


అగాదిర్,
27 మార్చి

అత్తా,

ఆమెకు ఎక్కడ గుచ్చుకుందో నాకూ తెలియడం లేదు. ఉత్తరం నకలు నా దగ్గర లేదు, ఉంటే ప్రతి వాక్యం మళ్ళీ చూసుకునేదాన్ని. హాస్యం ఎక్కువైందేమో. ఆమె బాధ మీద నేను కథ చెప్పినట్టు అనిపించిందేమో.

అతను మన గుమ్మంలోకి ఇప్పటికి రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. పద్దెనిమిదిన ఒకసారి, ఇరవై నాలుగున ఒకసారి. “పోయింది” అన్న జవాబు విన్నాడు. బొమ్మ మాత్రం ఇంకా తియ్యలేదు. ఒక్కసారి చెబితే నమ్మడట, రెండు మూడుసార్లు వచ్చి నిజమేనా అని చూసుకుంటాడట. మన వీధివాళ్ళ లాగే.

బతూల్‌కు నేనే స్వయంగా రాయనా? చిరునామా పంపు. ఆమె నిన్ను అబద్ధాలకోరు అనుకోవడం నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. నన్ను ఏమన్నా పడతాను.

మోకాలికి వేడి నీళ్ళ కాపడం పెట్టుకో. ఇంకెవరి దగ్గరికీ వెళ్ళకు.

వియామ్


తెతువాన్,
30 మార్చి

నా కాలేయపు ముక్కా, నా కంటి దీపమా, వియామ్!

ఎవరికీ ఏమీ రాయకు. కూర్చో. టీ పెట్టుకున్నావా? పెట్టుకుని చదువు.

గురువారం సాయంత్రం బతూల్ మా ఇంటి తలుపు తట్టింది. “రేపు శుక్రవారం కుస్‌కుస్‌కి మా ఇంటికి రండి లల్లా” అంది. అంతే. నన్నే కాదు, వీధిలో ఆడవాళ్ళను ఒక్కరిని వదలకుండా తనే తిరిగి పిలిచింది. షమాకు కూడా ఎందుకో తెలియదు. “పుణ్యానికి పెట్టే సదకా భోజనం అనుకో అమ్మా” అందట.

నిన్న నమాజ్ అయ్యాక అందరం చేరాం. పదకొండు మందిమి, రెండు పళ్ళేల చుట్టూ. ఏడు కూరగాయల కుస్‌కుస్, గుమ్మడి ముక్కలు వెన్నలా కరుగుతున్నాయి. వీధి మూల ఇంటి హాజా రహ్మాను, ఎనభై ఆరేళ్ళు ఆమెకు, గోడకు దిండు వేసి కూర్చోబెట్టాం. మొదటి ముద్ద లోపలికి పోకముందే ఆ బేకరీ ఇంటావిడ అలవాటు ప్రకారం అందుకుంది: “షమా, అల్లుడు ఈ వారం కూడా రాలేదా టాంజియర్ నుంచి?”

షమా నోరు తెరిచింది. నాలుగేళ్ళుగా చెప్పే మాట నాలుక మీద సిద్ధంగా ఉంది. బతూల్ మజ్జిగ గ్లాసు కింద పెట్టి, తల్లి చేతి మీద చెయ్యి వేసింది.

“అత్తా, టాంజియర్‌లో ఎవరూ లేరు. నాకు పెళ్ళయింది. ఏడు నెలల్లో అది పోయింది. ఇక రాదు. మీరందరూ వచ్చి చూసుకోవాలనే పిలిచాను. ఏమైనా అడగాలంటే అడగండి.”

చెంచాల చప్పుడు ఆగింది. కుండకైతే మూకుడు వేస్తాం, ఊరి నోటికి ఏం వేస్తాం అని షమా నాలుగేళ్ళు భయపడింది. ఇప్పుడు ఆ ఊరి నోరంతా తన గదిలో కూర్చుని కుస్‌కుస్ తింటోంది. ఎవరేమంటారా అని అందరం ఒకరి ముఖం ఒకరం చూసుకుంటున్నాం.

హాజా రహ్మా గుమ్మడి ముక్క నమిలి మింగింది. “సరే” అంది. “అయితే రెండోది ఎప్పుడు? నేనున్నప్పుడే పెట్టుకో పిల్లా, నాకు ఎక్కువ టైం లేదు.”

అంతే వియామ్! ముందు బేకరీ ఆవిడ నవ్వింది, తరువాత అందరూ. నాలుగేళ్ళ గుట్టు గుమ్మడి ముక్క నమిలినంత సేపట్లో తేలిపోయింది. ఇక ఎవరూ ఏమీ అడగలేదు. అడగడానికి ఏముంది?

బతూల్ అందరి ముందూ చెప్పింది, ఏప్రిల్ ఇరవై ఏడు, శనివారం, రంజాన్‌కు ముందే. షమాకు అప్పటిదాకా తెలియదు, నాకూ తెలియదు. ఆ మాస్టారికి ఒక్కడికే తెలుసట.

తరువాత వంటింట్లో షమా గ్లాసులు కడుగుతూ ఏడ్చింది. కాసేపటికి తనే ముక్కు తుడుచుకుని, “లేని అల్లుడికి నాలుగేళ్ళు ఉద్యోగం చేయించాను జుహోర్, జీతం కూడా పెంచాను” అంది. ఇద్దరం సింక్ పట్టుకుని నవ్వాం.

వచ్చేటప్పుడు మెట్ల మీద బతూల్‌ను అడిగాను, “బొమ్మ పోయిన రోజు తేదీ చెప్తానన్నావు, పోయిందా?” అని. “లేదు లల్లా, పొద్దున చూశాను, ఉంది. ఆ పుస్తకం ఆయన్ని నిదానంగా దిద్దుకోనివ్వండి” అంది. ఆ రోజు బల్ల దగ్గర నా మీద కోపం రాలేదట. నీ మీదా రాలేదు. తన ఇంటి తలుపే కళ్ళ ముందు కనిపించిందట. వీధివాళ్ళకు టాంజియర్ కథ వినిపించొద్దని తల్లిని ఏనాడూ ఆపలేదు కదా, ఆ తాళంలో తన చెయ్యి కూడా ఉందని అప్పుడే తెలిసిందట.

నిన్ను ఎన్ని మాటలన్నానో నాకు గుర్తుంది. వెనక్కి తీసుకుంటున్నాను, ఫోన్ చెరిపించిన సంగతి ఒక్కటి తప్ప.

దేవుడు నీ దారి వెడల్పు చెయ్యుగాక.
నీ అత్త జుహోర్


తెతువాన్,
10 ఏప్రిల్

వియామ్‌కు,

నీ చీటీ అందింది. ఒకే లైను రాశావు, “పోయింది అత్తా, ఎంత వెతికినా లేదు” అని. నేనూ కొట్టి చూశాను. బతూల్ పేరు, క్లినిక్ చిరునామా, తెరిచే వేళలు. అంతే. నాకు కళ్ళు చెమర్చాయి, ఎందుకో అడగకు. నా పనితనం పోయినందుకు కాస్త, ఆ పిల్ల ఊపిరి పీల్చుకున్నందుకు చాలా.

బతూల్ కొలతలకు వచ్చినప్పుడు చెప్పాను. “అవునా? చూడనేలేదు” అంది. పది రోజుల నుంచి చూడలేదట, తీరిక లేదట.

అద్దం ముందు నిలబెట్టి నడుముకు జరీ పటకా చుట్టాను. మొదటి పెళ్ళిలో ఎంత బిగించినా పెదవి కదపని పిల్ల ఇది. ఆ రోజంతా ఒక్క ముద్ద తినలేకపోయిందని ఐదేళ్ళ తరువాత ఇప్పుడు చెబుతోంది. “లల్లా, ఈసారి వదులు చెయ్యండి. నా పెళ్ళిలో నేను భోజనం చేస్తాను” అంది.

రెండు వేళ్ళు వదులు చేశాను. ఇరవై ఆరుకల్లా నువ్విక్కడ ఉండాలి.

జుహోర్